గోళీల సాక్ష్యం

మొదటే చెబుతున్నాను, నాకు దయ్యం పట్టలేదు. పట్టిందని నమ్మినవాళ్ళలో కొందరు ఇప్పటికీ మేడ్చల్ బజారులో ఎదురవుతారు. నవ్వుతూ "బాగున్నవా బిడ్డా" అని అడుగుతారు, నేనూ నవ్వి బాగున్నానంటాను. వాళ్ళ మీద కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. కొంచెం ఉంచుకున్నాను, అప్పుడప్పుడు పనికొస్తుంది.

తొంభైల్లో మా ఇల్లు మేడ్చల్‌లో, పెద్ద రోడ్డు వెనకాల, చర్చికి రెండు గల్లీల అవతల ఉండేది. నాయిన శామీర్‌పేట వైపు ఒక ద్రాక్షతోటలో పనిచేసేవాడు. ఇప్పుడు ప్లాట్లకు రాళ్ళు పాతిన చోట్లలో అప్పుడు చాలావరకు ద్రాక్ష పందిళ్ళే. తీగ కత్తిరించడంలో నాయినది మంచి చెయ్యి అనేవాళ్ళు. కోతల కాలంలో సాయంత్రం ఆయనకంటే ముందు ఆయన వాసన ఇంట్లోకి వచ్చేది. చొక్కాకు, తలగుడ్డకు, చివరికి సైకిల్ హ్యాండిల్‌కు కూడా అదే తియ్యటి, కాస్త పులిసిన వాసన. చిన్నప్పుడు ఆ వాసన తగలగానే గేటు దాకా ఉరికి ఆయన చేతిలోని సంచి లాక్కునేదాన్ని.

ఆ పండ్లలో మంచివి ఏరి అమ్మ చర్చికి ఇచ్చేది. మా సంఘంలో నెలకో ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క ఒకటి, చిన్న గిన్నెలో ద్రాక్షరసం ఒక గుక్క. ఆ రసం కొన్నది కాదు. పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆమే పండ్లు ఉడికించి, తెల్లగుడ్డలో వడగట్టి, సీసాలకెత్తి దాచేది. "మీ ఇంటి పండ్లతోనే బల్ల నడుస్తాంది" అని ఆమె నలుగురిలో అన్నప్పుడు మా అమ్మ కొంగు నెత్తిమీదికి సర్దుకుని కూర్చునే తీరు చూడాలి. బంగారం లేదు, భూమి లేదు, మాకున్న గొప్ప అంతా అదే.

పదో తరగతి అయ్యాక నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో చేరాను. గోళీలు అట్టల్లో పెట్టి, అట్టలు డబ్బాల్లో పెట్టే ప్యాకింగ్ పని. మా గల్లీ పిల్లే, మా సంఘం పిల్లే, నా స్నేహితురాలు కూడా నాతోపాటే చేరింది. తండ్రి లేడు. తల్లి ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేది. నేను ఆమెను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. నా స్నేహితురాలికి రెండు పనులు బాగా వచ్చు, మాట్లాడటం, తినడం. తన సద్ది డబ్బా ఖాళీ చేసి, నాది ఎప్పుడు తెరుస్తానా అని చూసేది. డబ్బాలు పోగొట్టుకోవడంలోనూ దిట్ట. ఒకటి బస్సులో మరిచింది, ఇంకొకదాని మూత కంపెనీలో పోగొట్టింది. చిన్నమ్మ తిట్లు మా ఇంటి దాకా వినబడేవి.

ఒక కోతల కాలంలో, డ్యూటీ అయిపోయాక, ఇద్దరం సెవెన్ సీటర్ ఆటో ఎక్కాం. వెనక, రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చునే సీటు మాకిష్టం, వచ్చే పోయే బండ్లను చూడొచ్చు. మేడ్చల్ ఇంకొంచెం దూరం ఉందనగా ద్రాక్షపండ్ల లోడు వ్యాను ఒకటి అదుపు తప్పి మా ఆటో మీదికి వచ్చి పడింది. ఆటో బోర్లా పడింది, పండ్ల పెట్టెలన్నీ మా మీద పడి పగిలిపోయాయి. నేను కదలలేకపోయాను. నా చెయ్యి తన చేతిలో ఉంది. రసం కారి మా మొహాల మీద పడుతోంది. జనం వచ్చి లాగేదాకా అట్లాగే ఉన్నాం. నన్ను లాగేటప్పటికి తన చెయ్యి పట్టు వదిలేసింది. ముందు సీట్లో ఉన్న ఒకాయన కూడా పోయాడని తర్వాత చెప్పారు.

నాకు జబ్బ ఎముక విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. అవి మానిపోయాయి. ఎముక అతికితే ఎవరికైనా కనబడుతుంది కదా, అందరూ నేను బాగయ్యానన్నారు.

మంచం దిగి చర్చికి వెళ్ళిన మొదటి ఆదివారమే అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. పాస్టరుగారిని మేం అట్లాగే అంటాం. మంచివాడే. నేను దవాఖానలో ఉన్నన్నాళ్ళు సైకిల్ మీద వచ్చి పోయాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మా దగ్గర ఎవరికైనా మేలు జరిగితే సంఘం ముందు నిలబడి చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. చావు నోట్లోంచి బయటపడ్డ పిల్ల సాక్ష్యం చెప్పకపోతే ఎట్లా? చెప్పాను. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఆ తర్వాత అయ్యగారు నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నారు.

"చనిపోయినోళ్ళ ముచ్చట ఎక్కువ వద్దమ్మా. వినెటోళ్ళ గుండె జారిపోతది. దేవుడు నీకు చేసిన మేలు చెప్పు, సాలు."

అట్లా నా సాక్ష్యంలో నా స్నేహితురాలు మొదట "నా పక్కనున్న సహోదరి" అయింది. తర్వాత "కొందరు" అయింది. కుత్బుల్లాపూర్ కూటానికి పిలిచేటప్పటికి "కొందరు" కూడా పోయి, ఆటోలో నేనొక్కదాన్నే మిగిలాను. రావల్కోల్‌లో చెప్పినప్పుడైతే ఒకామె వచ్చి నా కాళ్ళు ముట్టుకుంది. మాటలు నోటికొచ్చేశాయి. ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎక్కడ చెయ్యెత్తాలి, అన్నీ తెలుసు. చెబుతున్నంతసేపూ నాకు ఏమీ అనిపించేది కాదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు ఉండేది. మా చర్చిలో చెప్పిన ప్రతిసారీ చిన్నమ్మ గోడ పక్కన చాప మీద కూర్చుని వినేది. దేవుడు నన్ను ఎంచుకుని బయటికి లాగాడని నేను చెబుతుంటే, కూతుర్ని పోగొట్టుకున్న మనిషి తల వంచుకుని వినేది. స్తోత్రం అనేది కాదు, లేచి పోయేదీ కాదు.

సాక్ష్యం దగ్గర ఏమీ కాని నాకు బల్ల దగ్గర మాత్రం అయ్యేది.

మొదటిసారి గిన్నె నా మూతి దాకా రాగానే గొంతు మూసుకుపోయింది. చెమటలు పట్టాయి, చెవుల్లో హోరు, కాళ్ళు వాటంతటవే పరుగు. చర్చి బయట బోరింగు దగ్గర కూర్చుని వగరుస్తున్నాను. నీరసం అన్నారు. మరుసటి నెలా అంతే. ఆ పైనెల గిన్నె నా చేతిలోంచి జారి తెల్లగుడ్డ మీద పడింది. ఆ మరకను చూసి నేను పెట్టిన కేక ఎట్లాంటిదో నాకు తెలియదు గానీ, డోలక్ కొట్టే ఆయన చెయ్యి ఆగిపోయిందని చెప్పారు.

ఇగ చూసుకోండి. నోటితో దేవుణ్ణి పొగుడుతుంది, ఆయన రక్తానికి గుర్తైన గిన్నెను చూస్తే పారిపోతుంది. మా వాళ్ళు మరోలా అనుకోవడానికి వీలెక్కడిది? నేను వాళ్ళ స్థానంలో ఉన్నా అదే అనుకునేదాన్నేమో. దయ్యమే అన్నారు. ప్రమాదం జరిగిన చోట చచ్చినవాళ్ళ నుంచి ఏదో అంటుకుందన్నారు. ఆ మాట అన్నప్పుడు వాళ్ళు ఎవరి గురించి అంటున్నారో వాళ్ళకే తట్టలేదు. నాకు తట్టింది, ఒళ్ళు మండింది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. తల మీద చేతులు, నుదుటి మీద నూనె.

"నీ పేరేంది? జెప్పు!" అని అయ్యగారు గద్దించారు. నన్ను కాదు, నాలో ఉన్నదాన్ని.

నా పేరు చెప్పాను.

"నీ పేరు జెప్పు!"

మళ్ళీ నా పేరే చెప్పాను. ఇంకేం చెప్పాలి? నాకున్నది ఒకటే పేరు.

వెనక ఒక పెద్దామె నిట్టూర్చింది. "ఎంత మొండి దయ్యమో సూడుండ్రి."

ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. వారం వారం జరిగాక, నిజంగానే నాలో ఏదో ఉందేమోనని నాకే అనుమానం మొదలైంది. ఎందుకంటే ఇంట్లో కూడా నేను నేనుగా లేను. మూత కింద పడితే ఎగిరిపడేదాన్ని. నిద్ర లేదు. అమ్మ మంచిగా మాట్లాడినా కస్సుమనేదాన్ని. సెవెన్ సీటర్ ఆటో ఎక్కడం మానేసి, బస్సులో తలుపు పక్కన నిలబడి జీడిమెట్ల పోయి వచ్చేదాన్ని. అన్నిటికంటే చెడ్డది, సాయంత్రం నాయిన సైకిల్ గేటు దగ్గర ఆగిన చప్పుడు వినబడితే వెనక తలుపు నుంచి బయటికి పోయేదాన్ని. ఆయన ఒకటి రెండుసార్లు చూశాడు. తర్వాత తోట బోరు దగ్గరే స్నానం చేసి, వేరే చొక్కా తొడుక్కుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఎందుకని అమ్మ అడిగితే, "ఎండ మస్తుగున్నది" అన్నాడు. పండ్లు తేవడం కూడా ఆపేశాడు. అమ్మకు గొప్ప పోయింది, నాయినకు కూతురు పోయింది. ఇద్దరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది, తిరిగి అరిచేదాన్ని.

అసలు సంగతి నాకు కంపెనీలో తెలిసింది.

పిల్లలకు విరేచనాలైతే నీళ్ళలో కలిపి తాగించే పొడి ఉంటుంది కదా, ఆ పొట్లాల లైన్‌కు నన్ను మార్చారు. ఒక పొద్దున కొత్త రకం సరుకు వచ్చింది. డ్రమ్ము మూత తీశారు. ద్రాక్ష వాసన. ఉత్త ఎసెన్సు వాసన, పండు మొహం చూడని వాసన. అంతే, నాకు తెలిసేటప్పటికి నేను టేబుల్ కింద ముడుచుకుని ఉన్నాను, తోటి ఆడవాళ్ళు మొహాన నీళ్ళు కొడుతున్నారు.

వాళ్ళు నన్ను బయట మెట్ల మీద కూర్చోబెట్టి పోయారు. అక్కడ నా తల చాలా రోజుల తర్వాత పనిచేసింది. ఇక్కడ బల్ల లేదు. అయ్యగారు లేరు. ప్రార్థన లేదు, పాట లేదు. దేవుని గిన్నెను చూసి భయపడే దయ్యమైతే విరేచనాల పొడిని చూసి ఎందుకు భయపడుతుంది? అంత పిరికి దయ్యం ఉంటుందా? తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మేడ్చల్ బస్టాండు దగ్గర పండ్ల బండి. నాయిన చొక్కా. అమ్మగారు సీసాలు కడిగే రోజు. చర్చిలో నేను పారిపోయింది దేవుడి నుంచి కాదు, వాసన నుంచి. ఆ మెట్ల మీద కూర్చుని గట్టిగా నవ్వాను. వాచ్‌మన్ భయపడ్డాడు.

కార్మికుల దవాఖానలో డాక్టరు నేను చెప్పింది ఆసాంతం విని, సిటీలోని పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. మానసిక విభాగానికి. ఆ మాట ఇంట్లో చెప్పగానే అమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. మా వైపు ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకు తోలుండ్రి" అని అక్కడి పిచ్చాసుపత్రి పేరు చెప్పి నవ్వుకుంటారు. ఆ నవ్వు మా ఇంటి మీదికి వస్తుందని అమ్మ భయం.

"పిచ్చి దవాఖానకు పోయిందంటే రేపు నీకు పెండ్లి అయితదా బిడ్డా?"

"దయ్యం పట్టిందని సంఘమంతా జెప్పుకుంటాంది గదా అమ్మా, ఇప్పుడు లైన్ల నిలబడ్డరా?"

అమ్మ చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "గోళీలు మింగుడు అలవాటైతే ఇగ బతుకంతా గవే" అంది.

అదీ నాకు బాగా ఒళ్ళు మండించిన మాట. ఊళ్ళో వాళ్ళ బీపీకి, షుగరుకు, జ్వరాలకు నా చేతులతో గోళీలు ప్యాక్ చేసి పంపించాను. అయ్యగారు మింగే బీపీ గోళీ కూడా మా కంపెనీదే. ఊరంతా మింగొచ్చు, నేను మాత్రం మింగకూడదు. నా జబ్బు ఒక్కటే ప్రార్థనతో పోవాలి. ఆ మాట గట్టిగా అనేశాను. మూలన కూర్చున్న నాయిన లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"నడువు. నేనొస్త" అన్నాడు.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మకు మా అమ్మ వయసు ఉంటుంది. టేబుల్ మీద చల్లారిపోయిన చాయ్. నాయినను బయట కూర్చోమని, ఏం జరిగిందో చెప్పమంది. చెప్పాను. అలవాటైన మనిషిని కదా, బ్రహ్మాండంగా చెప్పాను. గొంతు తగ్గించే చోట తగ్గించాను, చివర్లో స్తోత్రం కూడా అన్నాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"నీ పక్కన ఎవరు కూర్చున్నారమ్మా?"

 ఎన్ని చోట్ల, ఎంతమంది ముందు చెప్పాను! ఆ ప్రశ్న ఒక్కరూ వేయలేదు. నేను తన పేరు చెప్పబోయాను, రాలేదు. టేబుల్ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆమె తొందరపెట్టలేదు.

తర్వాత నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది. ఆ సాయంత్రం అయిపోయిందని నీ మెదడు ఇంకా నమ్మడం లేదు. ఆ వాసన తగిలితే మళ్ళీ అదే జరుగుతోందనుకుని ఒంటిని పరుగెత్తమంటుంది. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, కోపం, సాక్ష్యం చెప్పేటప్పుడు ఏమీ తెలియకపోవడం, అన్నీ ఒకే జబ్బు. ప్రమాదాలు, దెబ్బలు, దగ్గరివాళ్ళ చావు కళ్ళముందు చూసినవాళ్ళకు వస్తుంది. నీకు పిచ్చి లేదు. నీ విశ్వాసంలో లోటూ లేదు. వైద్యం ఉంది, టైము పడుతుంది.

నేను ఏడుస్తాననుకుందేమో, గ్లాసు నా వైపు జరిపింది. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. వైద్యం ఉన్న జబ్బుకు ఇన్నాళ్ళు నూనె రాయించుకున్నాను! దీనికి పేరుందా అని అడిగాను. ఉంది, చెప్పింది. పొడుగాటి ఇంగ్లీషు పేరు. తిరుగు బస్సులో మేడ్చల్ వచ్చేదాకా దాన్ని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. శుక్రవారం శుక్రవారం దాని పేరు చెప్పమని గద్దించారుగా. ఇదిగో, ఇదీ దాని పేరు.

గోళీలు మొదట నన్ను మగతలో పడేశాయి, నోరు చేదు చేశాయి. మానేద్దామనుకున్నాను. డాక్టరమ్మ తిట్టింది, మానలేదు. మెల్లగా నిద్ర వచ్చింది. వెళ్ళినప్పుడల్లా ఆ సాయంత్రం సంగతి చెప్పించేది, ఈసారి నా స్నేహితురాలితో సహా, ఒక్కటీ వదలకుండా. సాక్ష్యం చెప్పడం ఎంత తేలికో ఇది అంత కష్టం. చెప్పి బయటికొచ్చి వాంతి చేసుకున్న రోజులున్నాయి. నాయిన నీళ్ళ సీసా పట్టుకుని నిలబడేవాడు.

వాసనకు కూడా అలవాటు పడాలంది. ఒక్కసారిగా వద్దు, కొంచెం కొంచెం. ఆ పని నాయిన తీసుకున్నాడు. ద్రాక్ష గుత్తి ఒకటి తెచ్చి గేటు బయట గోడ మీద పెట్టాడు. నేను గడపలో కూర్చుని దాన్ని చూస్తూ, గుండె కొట్టుకోవడం తగ్గేదాకా లేవకూడదు. కాకులు తన్నుకుపోతే ఇంకోటి తెచ్చాడు. కొన్నాళ్ళకు గుత్తి వాకిట్లోకి వచ్చింది, తర్వాత వసారాలోకి. గడపలో కూర్చుని ద్రాక్షపండ్లతో పోట్లాడే పిల్లను చూడడానికి గల్లీ పిల్లలు వచ్చేవాళ్ళు. "ఏం జూస్తుండ్రు, పోండ్రి" అని నాయిన తరిమేవాడు. ఒకరోజు పొద్దున ఆయన తోటకు బయలుదేరుతుంటే నేనే చెప్పాను.

"నాయినా, ఇయ్యాల తోటల తానం చెయ్యకు. గట్లనే రా."

ఆ సాయంత్రం ఆయన చొక్కాతోనే, తలగుడ్డతోనే వచ్చి గేటు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రావాలా వద్దా అన్నట్టు. నేను వెళ్ళి సంచి లాక్కున్నాను.  నాయిన మొహం పక్కకు తిప్పుకుని సైకిల్ స్టాండు వేయడంలో చాలాసేపు గడిపాడు.

నేను తేరుకుంటున్నానని సంఘంలో అందరికీ తెలిసింది. అయ్యగారికి నిజంగా సంతోషమైంది. ఒక బల్ల ఆదివారం, అందరి ముందూ, "మన ప్రార్థన ఫలించింది. వచ్చి సాక్ష్యం చెప్పమ్మా" అని పిలిచారు. లేచి వెళ్ళాను. ఏం చెప్పాలో ముందే అనుకుని వచ్చాను, పిలవకపోయినా లేచేదాన్ని.

చెయ్యెత్తలేదు, గొంతు తగ్గించలేదు. "నాకు దయ్యం పట్టలేదు, జబ్బు చేసింది" అన్నాను. "మనసుకు దెబ్బ తగిలితే వచ్చే జబ్బు. సిటీ దవాఖానల మందులు తీసుకుంటున్న. రోజూ గోళీలు మింగుతున్న. దాచుకోను. మీల ఎవరికైనా నిద్ర పడ్తలేకుంటే, ఉలిక్కిపడ్తుంటే, నన్ను అడగండ్రి, ఏ బస్సు ఎక్కాల్నో జెప్త."

ఎవరూ స్తోత్రం అనలేదు.  అయ్యగారు మైకు కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు.

"ఇంకో మాటున్నది. ఆటోల నేనొక్కదాన్నే లేను" అని, నా స్నేహితురాలి పేరు చెప్పాను. తనను మట్టి చేసిన రోజు తర్వాత ఆ పేరు ఆ చర్చిలో ఎవరూ పలకలేదు. "ఆమె ఎంటనే పోలే. నా చెయ్యి వట్టుకునే ఉన్నది. మాట్లాడింది. 'డబ్బా యాడ వడ్డదో సూడే, మూత ఊడిపోయింటది, మా అమ్మ తిడ్తది' అన్నది. గదే ఆఖరు మాట. దేవుడు నన్ను లాగిండో, రోడ్డు మీది జనం లాగిండ్రో, లాగినోళ్ళకు దండం. కానీ ఆమెను పక్కకు పెట్టి నేను ఇగ సాక్ష్యం జెప్ప."

మైకు అయ్యగారి చేతిలో పెట్టి వచ్చి నా చోట్లో కూర్చున్నాను. అయ్యగారు మైకు వైరు సర్దుకున్నారు. తర్వాత, "మందులు వాడినా ప్రార్థన ఆపొద్దమ్మా" అన్నారు.

"ఆపిందెవలు అయ్యగారు?" అన్నాను.

గిన్నె నా వంతుకు వచ్చింది. చెయ్యి వణికింది. వణికే చేత్తోనే పట్టుకుని తాగాను. ఇప్పటికీ కొన్ని ఆదివారాలు వణుకుతుంది, అయినా గిన్నె వదలను.

ఆరాధన అయ్యాక కొందరు నన్ను తప్పించుకుని పోయారు. తలుపు దగ్గర చిన్నమ్మ నిలబడి ఉంది. నాతో మాట్లాడి ఎంత కాలమైందో. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయింది.

"ఆ దినం అన్నం తిన్నదా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు.

"పొద్దుగాల తిట్టిన. ఇంకో డబ్బా పోగొట్టినవంటే ఇగ సద్ది కట్టనే కట్టనని తిట్టిన. అలిగి పోయింది. తిన్నదో లేదో. డబ్బా దొర్కలే గదా, ఎట్ల తెలుస్తది? ఎవలనడుగుతా?"

నేను సాక్ష్యం చెప్పిన అన్ని ఆదివారాలూ గోడ పక్కన ఈమె ఈ ప్రశ్నతో కూర్చుంది.

"తిన్నది చిన్నమ్మా. మెతుకు మిగల్చలే. నా డబ్బాలది గూడ తిన్నది. నన్ను తిట్టుకుంటనే తిన్నది, మీ అమ్మ కూరల ఉప్పెక్కువ అని."

చిన్నమ్మ నవ్వింది. నవ్వుతూనే గోడకు ఆనుకుని కిందికి కూలబడింది, కొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ పక్కన కూర్చున్నాను. జనం మా మీదుగా చెప్పులు వెతుక్కుని పోయారు. కళ్ళు తుడుచుకున్నాక మిషన్ సంగతి చెప్పింది. మిషన్ తొక్కుతుంటే బయట బ్రేకు చప్పుడు వినబడితే చాలు, కాలు ఆగిపోతుందట. గంటసేపు అట్లాగే కూర్చుండిపోతుందట. జాకెట్లు కుట్టి ఇవ్వలేక చాలామందికి గుడ్డలు తిరిగి ఇచ్చేసిందట. ఎవరికీ చెప్పలేదు. కూతురు పోయినామెకు ఇంతకంటే ఏముంటుందిలే అని ఎవరూ అడగలేదు.

"నీ డాక్టరమ్మ ముసలోళ్ళను సూస్తదా?"

"సూడకుంటే నేనూకుంటనా?"

మరుసటి వారం ఇద్దరం బస్సెక్కాం. ఆమె మంచి చీర కట్టుకుని, ఒడిలో సంచి పెట్టుకుని, కిటికీ వైపు చూడకుండా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. దవాఖానలో చీటీ ఇచ్చే కిటికీ దగ్గర లోపలి మనిషి తల ఎత్తకుండానే అడిగాడు.

"పేషెంట్ ఎవరమ్మా?"

నేను నోరు తెరిచేలోపే చిన్నమ్మ ముందుకు వంగింది. వెనక లైనంతా వినేటట్టు గట్టిగా చెప్పింది.

"ఇద్దరం."